ఊలుతో నీటి ఎలుగు: ఎనిమిది కాళ్ల అల్లిక బొమ్మ ఎలా చేయాలి

సూక్ష్మజీవుల బొమ్మలు అల్లాలని సరదా పడేవాళ్లలో చాలామంది ఒక గుండ్రటి ఉండ అల్లి, రెండు కళ్లు అతికించి, నవ్వే నోరు కుట్టి దానికి బాక్టీరియా అని పేరు పెట్టేస్తారు. ముద్దుగానే ఉంటుంది కానీ అది ఏ జీవీ కాదు. నీటి ఎలుగు విషయంలో ఆ మోసం అక్కర్లేదు. టార్డిగ్రేడ్ అని పిలిచే ఈ జీవి అసలు రూపమే బొద్దుగా, మడతలు మడతలుగా, పొట్టి కాళ్లతో ఉంటుంది. ఉన్నది ఉన్నట్టు అల్లితే చాలు, ముద్దు దానంతట అదే వస్తుంది.

అల్లే ముందు ఆ జీవి ఎలా ఉంటుందో తెలియాలి, ఎందుకంటే కింద రాసిన ప్రతి వరసకూ దాని ఒంట్లో ఒక కారణం ఉంది. పెద్దయ్యాక కూడా చాలా జాతులు అర మిల్లీమీటరు దాటవు. ముందు తల, దాని వెనక నాలుగు ఖండాలు, ఖండానికో జత చొప్పున ఎనిమిది కాళ్లు. మొదటి మూడు జతలు నడవడానికి. ఆఖరి జత మాత్రం వెనక్కి తిరిగి ఉంటుంది, నాచునో ఇసుక రేణువునో గట్టిగా పట్టుకోవడానికి. కాళ్ల చివర గోళ్లుంటాయి. తల ముందు గుండ్రటి నోరు, లోపల సూదుల్లాంటివి రెండు. వాటితో నాచు కణాలను పొడిచి లోపలి రసం పీల్చుకుంటుంది. 1773లో జర్మనీకి చెందిన గోజె అనే పాస్టరు దీన్ని వర్ణించి నీటి ఎలుగుబంటి అని పేరు పెట్టాడు. మన ప్రహరీ గోడల మీద వానాకాలంలో పెరిగే మెత్తటి పచ్చ నాచులోనూ ఇది దొరకొచ్చు. గుప్పెడు నాచును రాత్రంతా నీళ్లలో నానబెట్టి, పిండి, ఆ నీటిని బడిలో ఉండే మామూలు మైక్రోస్కోపు కింద ఓపిగ్గా వెతకాలి.

కావలసినవి

అక్రిలిక్ ఊలు వంద గ్రాముల ఉండ ఒకటి. బొమ్మ అయ్యాక కూడా కొంత మిగులుతుంది, దానితో ఏం చేయొచ్చో చివర్లో చెబుతాను. 3 మిల్లీమీటర్ల క్రోషే సూది. నరసాపురం వైపు లేసు అల్లేవాళ్ల ఇళ్లలో ఉండే సన్నటి స్టీలు సూది ఈ ఊలుకు పనికిరాదు, పోగు జారిపోతుంది, చీలిపోతుంది. కానీ లేసు అల్లిన చెయ్యి అయితే సగం పని వచ్చినట్టే, కుట్లు అవే.

లోపల కూరడానికి పాలిస్టర్ దూది. పాత దిండులో ఉన్నది శుభ్రంగా ఉంటే అదే వాడుకోవచ్చు. బూరుగు దూది మాత్రం వద్దు, ఒకసారి తడిస్తే గడ్డలు కట్టి ఆరడానికి రోజులు పడుతుంది. ఇంకా మొన మొద్దుగా ఉండే ఊలు సూది, గుండుసూదులు, కళ్లకూ గోళ్లకూ కాస్త నల్ల దారం, వరస మొదలు గుర్తు పెట్టుకోవడానికి ఒక పిన్నీసు.

రంగు మీ ఇష్టం. ఇంటర్నెట్‌లో కనిపించే గోధుమ, నీలి, గులాబీ రంగు ఫొటోలు ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో తీసినవి. అవి నలుపు తెలుపులోనే వస్తాయి, రంగులు తర్వాత వేస్తారు. అసలు జీవుల్లో చాలావరకు పారదర్శకంగా ఉంటాయి, తిన్న తిండి రంగు పొట్టలో కనిపిస్తుంది. ఎకినిస్కస్ అనే రకం మాత్రం నిజంగానే నారింజ, ఎర్ర ఛాయల్లో ఉంటుంది. నా మట్టుకు మీగడ రంగు బాగుంటుంది. ముదురు రంగుల్లో మడతలు కనిపించవు, పైగా రాత్రి లైటు కింద కుట్లు లెక్కపెట్టడం నరకం.

ముందుగా రావలసిన కుట్లు

మేజిక్ రింగ్ (కొస లాగితే బిగుసుకునే పోగు వలయం, మొదటి వరస దాని లోపలే వేస్తాం), సింగిల్ క్రోషే, ఇంక్రీజ్, డిక్రీజ్. ఈ నాలుగూ వస్తే చాలు. వీడియోలు చూసి నేర్చుకుంటుంటే ఒక తికమక ఉంది: అమెరికా వాళ్లు సింగిల్ క్రోషే అనేదాన్నే బ్రిటిష్ పద్ధతిలో డబుల్ క్రోషే అంటారు. నేను ఇక్కడ అమెరికా పేరే వాడుతున్నాను. అంటే సూది గుచ్చి, ఒకసారి పోగు లాగి, మళ్లీ పోగు వేసి రెండు ఉచ్చుల్లోంచి లాగే పొట్టి కుట్టు.

ఇంక్రీజ్ అంటే ఒకే కుట్టులో రెండు సింగిల్ క్రోషేలు వేయడం. డిక్రీజ్ అంటే రెండు కుట్లను ఒకటి చేయడం. బొమ్మలకు డిక్రీజ్ వేసేటప్పుడు రెండు కుట్లలోనూ ముందువైపు ఉచ్చు మాత్రమే సూదికి ఎక్కించుకుని, పోగు వేసి రెండిట్లోంచీ లాగి, మామూలుగా ముగించండి. అలా వేస్తే సందు కనబడదు. మామూలు పద్ధతిలో వేస్తే చిన్న కన్నం పడి లోపలి దూది బయటికి తొంగిచూస్తుంది.

వరస చివర స్లిప్ స్టిచ్‌తో కలపకండి. ఆగకుండా గుండ్రంగా తిరుగుతూనే పోవాలి. ప్రతి వరస మొదటి కుట్టుకూ పిన్నీసు మారుస్తూ ఉండండి. పిన్నీసు లేకుండా మనసులో లెక్క పెట్టుకుందాం అనుకుంటే పదో వరసకల్లా లెక్క తప్పుతుంది, అందులో సందేహం లేదు.

కొత్తవాళ్లు గమనించాల్సింది ఇంకోటి ఉంది. నాలుగైదు వరసలు అయ్యాక అల్లిక గిన్నెలా ముడుచుకుంటుంది కదా, అది ఏ వైపు ముడుచుకుందో చూడండి. వరుసగా ‘వి’ ఆకారాలు కనిపించే వైపు బయట ఉండాలి. చిన్న అడ్డ గీతలు కనిపించే వైపు లోపలికి పోవాలి. తిరగబడి ఉంటే అప్పుడే తిప్పేయండి. కుట్లు బిగుతుగా రావాలి. అల్లికను సాగదీసి వెలుతురుకు పెడితే సందుల్లోంచి కాంతి బాగా కనిపిస్తోందంటే సూది ఒక సైజు తగ్గించండి.

ఒళ్లు

ముక్కు చివర నుంచి తోక వైపు ఒకే ముక్కగా అల్లుతాం. ప్రతి వరస చివర బ్రాకెట్లో ఉన్నది ఆ వరసలో మొత్తం కుట్లు. ‘మామూలుగా’ అంటే ప్రతి కుట్టులోనూ ఒక సింగిల్ క్రోషే.

వరస 1: మేజిక్ రింగ్‌లో 8 సింగిల్ క్రోషే. (8)
వరస 2: వెనక ఉచ్చుల్లో మాత్రమే 8. (8)
వరస 3: మామూలుగా 8. (8)

ఇది నోటి గొట్టం. రెండో వరసలో వదిలేసిన ముందు ఉచ్చులు నోటి చుట్టూ చిన్న వలయంలా పైకి కనిపిస్తాయి. తర్వాత కావాలంటే వాటి మీదుగా ముదురు దారం కుట్టుకోవచ్చు.

వరస 4: ప్రతి కుట్టులోనూ ఇంక్రీజ్. (16)
వరస 5: 1 కుట్టు, 1 ఇంక్రీజ్, ఇలా 8 సార్లు. (24)
వరస 6: మామూలుగా. (24)
వరస 7: 3 కుట్లు, 1 ఇంక్రీజ్, 6 సార్లు. (30)
వరస 8 నుంచి 10: మామూలుగా. (30)
వరస 11: 3 కుట్లు, 1 డిక్రీజ్, 6 సార్లు. (24)

తల అయిపోయింది, పదకొండో వరస మెడ మడత. ఇక ఖండాలు.

మొదటి ఖండం:
వరస 12: 3 కుట్లు, 1 ఇంక్రీజ్, 6 సార్లు. (30)
వరస 13: 4 కుట్లు, 1 ఇంక్రీజ్, 6 సార్లు. (36)
వరస 14 నుంచి 16: మామూలుగా. (36)
వరస 17: 4 కుట్లు, 1 డిక్రీజ్, 6 సార్లు. (30)

ఇక్కడ ఆగి, సేఫ్టీ కళ్లు (లోపలివైపు బిళ్లతో బిగించే ప్లాస్టిక్ కళ్లు) పెట్టాలనుకుంటే ఇప్పుడే పెట్టేయండి, ఎక్కడ పెట్టాలో కింద ‘కళ్లు’ భాగంలో ఉంది, ఆ తర్వాతే తలలో దూది కూరండి. ముక్కు గొట్టంలోకి పెన్సిలు వెనక భాగంతో కొద్ది కొద్దిగా నెట్టండి. పెద్ద ముద్దగా ఒకేసారి తోస్తే మెడ దగ్గర ఇరుక్కుని ముక్కు ఖాళీగా వేలాడుతుంది.

రెండో ఖండం:
వరస 18: 4 కుట్లు, 1 ఇంక్రీజ్, 6 సార్లు. (36)
వరస 19: 5 కుట్లు, 1 ఇంక్రీజ్, 6 సార్లు. (42)
వరస 20 నుంచి 22: మామూలుగా. (42)
వరస 23: 5 కుట్లు, 1 డిక్రీజ్, 6 సార్లు. (36)

మూడో ఖండం:
వరస 24: 5 కుట్లు, 1 ఇంక్రీజ్, 6 సార్లు. (42)
వరస 25 నుంచి 28: మామూలుగా. (42)
వరస 29: 5 కుట్లు, 1 డిక్రీజ్, 6 సార్లు. (36)

నాలుగో ఖండం:
వరస 30 నుంచి 32: మామూలుగా. (36)
వరస 33: 4 కుట్లు, 1 డిక్రీజ్, 6 సార్లు. (30)
వరస 34: మామూలుగా. (30)
వరస 35: 3 కుట్లు, 1 డిక్రీజ్, 6 సార్లు. (24)
వరస 36: 2 కుట్లు, 1 డిక్రీజ్, 6 సార్లు. (18)

దూది కూరడం ఇక్కడ పూర్తి చేయండి. గట్టిగానే ఉండాలి, కానీ కుట్ల మధ్య తెల్లగా కనిపించేంత గట్టిగా కాదు.

వరస 37: 1 కుట్టు, 1 డిక్రీజ్, 6 సార్లు. (12)
వరస 38: 6 డిక్రీజ్‌లు. (6)

పోగు కత్తిరించి, మిగిలిన ఆరు ముందు ఉచ్చుల్లోంచి ఊలు సూదితో లాగి బిగించండి. కొసను లోపలికి దూర్చేయండి.

ఇప్పుడు బొమ్మను చూస్తే కాస్త నిరాశగా ఉంటుంది. దూది నిండాక మడతలు సాగిపోయి, వట్టి వంకాయలా కనిపిస్తుంది. మడతలు మళ్లీ తేవాలి. అదే రంగు ఊలు సూదికి ఎక్కించి, 11వ వరస చుట్టూ లోపలికీ బయటికీ గుచ్చుతూ ఒక చుట్టు తిప్పి, రెండు కొసలూ లాగి ముడి వేయండి. 17, 23, 29 వరసల దగ్గర కూడా ఇంతే. కొద్దిగా లాగితే చాలు. ఈ పని చాలామంది బద్ధకించి వదిలేస్తారు, కానీ నీటి ఎలుగు అని చూడగానే తెలిసేది ఈ నాలుగు మడతలతోనే.

కాళ్లు

ఎనిమిదీ ఒకే కొలత.

వరస 1: మేజిక్ రింగ్‌లో 6. (6)
వరస 2: 1 కుట్టు, 1 ఇంక్రీజ్, 3 సార్లు. (9)
వరస 3: మామూలుగా. (9)
వరస 4: 2 కుట్లు, 1 ఇంక్రీజ్, 3 సార్లు. (12)
వరస 5, 6: మామూలుగా. (12)

కుట్టడానికి ఒక జానెడు పోగు వదిలి కత్తిరించండి. ఆఖరి జతకు మాత్రం ఇంకొక మామూలు వరస కలపండి, వెనక్కి చాచినట్టు కనబడాలి కాబట్టి. ఒకే కాలు ఎనిమిది సార్లు అల్లడం విసుగే. టీవీ చూస్తూ చేసే పని ఇదొక్కటే, ఒంటి భాగం అల్లేటప్పుడు మాత్రం ఆ సాహసం చేయకండి.

గోళ్లు కాళ్లు అతికించకముందే వేసుకోవాలి, తర్వాత సూది తిరగదు. నల్ల దారంతో కాలి కొసన నాలుగు పొట్టి గీతలు పక్కపక్కనే కుట్టండి. గోళ్ల తీరు జాతిని బట్టి మారుతుంది, నాలుగు అనేది చాలావాటికి సరిపోయే లెక్క. కాళ్లలో దూది పలచగా చాలు.

కాళ్లు అతికించడం

బొమ్మ నిలబడుతుందా, బోర్లా పడుతుందా అన్నది ఇక్కడే తేలుతుంది. పిన్నీసు పెట్టిన వరస మొదలునే పొట్ట మధ్య గీత అనుకుని కుట్టకండి. గుండ్రంగా అల్లుకుంటూ పోయినప్పుడు ఆ మొదలు వరస వరసకీ కాస్త పక్కకు జరుగుతుంది. దాన్ని నమ్ముకుంటే ముందు కాళ్లు ఒకవైపు, వెనక కాళ్లు ఇంకోవైపు వచ్చి జీవి మెలితిరిగినట్టు కనిపిస్తుంది. దానికి బదులు బొమ్మను బల్ల మీద దొర్లించి ఏ వైపు బాగా ఆనుతుందో చూసి, ఆ వైపు ముక్కు నుంచి తోక దాకా నేరుగా గుండుసూదులు గుచ్చండి. అదే పొట్ట గీత.

ఆ గీతకు అటు నాలుగు, ఇటు నాలుగు కుట్లు వదిలి కాళ్లు పెట్టాలి. మొదటి జత 14 నుంచి 16 వరసల మధ్య, రెండోది 20 నుంచి 22 మధ్య, మూడోది 25 నుంచి 28 మధ్య. ఆఖరి జత 33, 34, 35 వరసల మీద, దగ్గర దగ్గరగా, కొసలు వెనక్కి చూసేలా. ముందు ఎనిమిదింటినీ గుండుసూదులతో గుచ్చి, బల్ల మీద నిలబెట్టి, అన్ని వైపులనుంచీ చూడండి. బరువు మోసేది ముందు ఆరు కాళ్లే. నచ్చాక ముందు మొదటి జత, తర్వాత మూడో జత కుట్టి, రెండో జతను వాటికి సమానంగా సర్దుకోండి. కాలు నోరు గుండ్రంగా తెరిచి ఉంచి చుట్టూ కుట్టాలి. చప్పగా నొక్కి కుట్టేస్తే కాళ్లు వేలాడతాయి. అన్నీ అయ్యాక గుండుసూదులు లెక్కపెట్టి వెనక్కి తీసుకోవడం మర్చిపోవద్దు.

కళ్లు

చాలా జాతులకు తల మీద రెండు చిన్న నల్ల చుక్కలు ఉంటాయి, అవే కళ్లు. కాబట్టి బొమ్మకు కళ్లు పెట్టడం తప్పేం కాదు, కాకపోతే చిన్నవే పెట్టాలి. ఏడు, ఎనిమిది వరసల మధ్య, ముఖానికి చెరో పక్క, మధ్యలో ఎనిమిది తొమ్మిది కుట్ల దూరం ఉండేలా. దూరంగా, కిందికి ఉన్న కళ్లే ముద్దుగా కనబడతాయి. సేఫ్టీ కళ్లయితే 6 మిల్లీమీటర్లవి సరిపోతాయి. మూడేళ్ల లోపు పిల్లలున్న ఇల్లయితే సేఫ్టీ కళ్లూ వద్దు, పూసలూ వద్దు. నల్ల దారంతో నాలుగైదు సార్లు ఒకే చోట కుట్టి చుక్క పెట్టేయండి. నవ్వే నోరు మాత్రం కుట్టకండి. గుండ్రటి నోరు ముందే ఉంది కదా, రెండు నోళ్లు ఎందుకు?

టన్ బొమ్మ

మిగిలిన ఊలుతో నీటి ఎలుగు రెండో అవతారం కూడా అల్లొచ్చు. చుట్టూ నీరు ఎండిపోతే ఇది తల, కాళ్లు లోపలికి లాక్కుని, ఒంట్లో నీరు దాదాపు అంతా పోగొట్టుకుని చిన్న పీపాలా ముడుచుకుంటుంది. ఆ స్థితిని టన్ అంటారు. 2007లో యూరప్ అంతరిక్ష సంస్థ ఫోటాన్-ఎం3 యాత్రలో అంతరిక్షపు శూన్యాన్ని తట్టుకుని కొన్ని బతికి వచ్చినవి ఇలా ఎండిపోయి ఉన్నవే. అంటార్కిటికాలో 1983లో సేకరించి గడ్డకట్టించి ఉంచిన నాచులోని నీటి ఎలుగులు ముప్ఫై ఏళ్ల తర్వాత, 2014లో మంచు కరిగించాక, మళ్లీ కదిలాయి. ఏం చేసినా చావదు అనే మాట మాత్రం అతిశయోక్తి. హాయిగా నడుస్తున్న నీటి ఎలుగును వేడినీళ్లలో వేస్తే పోతుంది.

టన్‌కు 6తో మొదలుపెట్టి, వరసకు ఆరు చొప్పున 12, 18, 24, 30 దాకా పెంచండి. ఐదు వరసలు అవుతాయి. ఆరో వరస నుంచి 13 దాకా 30 కుట్లే. అందులో 7, 10, 13 వరసలు మాత్రం వెనక ఉచ్చుల్లో అల్లండి. వదిలేసిన ముందు ఉచ్చులు ముడతల్లా కనిపిస్తాయి. తర్వాత 24, 18, 12, 6కు తగ్గించి, మధ్యలో దూది కూరి, మూసేయండి. కాళ్లు లేవు, కళ్లు లేవు. పెద్దదాని పక్కన పెడితే పొడవు దాదాపు సగం ఉంటుంది. పిల్లలకు చూపించి ఇది కూడా అదే అంటే ఒక పట్టాన నమ్మరు.

తోడుకి పారమీషియం

పెద్ద బొమ్మ మామూలు అక్రిలిక్ ఊలుతో పదిహేను సెంటీమీటర్లు, కాస్త అటూ ఇటూ వస్తుంది. అంటే అసలు జీవికి దాదాపు మూడు వందల రెట్లు. అదే కొలతలో పారమీషియం అనే ఏకకణ జీవి ఏడెనిమిది సెంటీమీటర్లు ఉండాలి, అల్లుకోవడానికి చక్కటి సైజు. రింగ్‌లో 6. తర్వాత వరసకు మూడు ఇంక్రీజ్‌ల చొప్పున 9, 12, 15, 18. ఆపై ఎనిమిది వరసలు మామూలుగా 18. దూది కూరి, వరసకు మూడు డిక్రీజ్‌ల చొప్పున 15, 12, 9, 6కు తగ్గించి మూసేయండి. ఒక పక్క ముందు నుంచి మధ్య దాకా ఏటవాలుగా దారం కుట్టి కొద్దిగా లోపలికి లాగితే అదే నోటి గాడి. ఒళ్లంతా ఉండే వెంట్రుకల కోసం సన్న దారం ముక్కలు కుట్లలో ముడి వేసి, పొట్టిగా కత్తిరించండి.

వీటి పక్కన ఈ-కోలై బాక్టీరియా కూడా పెడదాం అనిపించొచ్చు. అది రెండు మైక్రోమీటర్ల పొడవు. ఇదే లెక్కన బొమ్మ ఒక మిల్లీమీటరు కూడా ఉండదు, మీరు వేసిన ఒక్క కుట్టు కంటే చిన్నది. ఒకే కొలతలో ఉండాలన్న పట్టింపు మీకుంటే, పారమీషియం మీద నల్ల దారంతో చిన్న చుక్క పెట్టి అదే ఈ-కోలై అని చెప్పుకోవాలి.

ఉతకడం

చల్లటి నీళ్లలో కొంచెం షాంపూ కలిపి, నానబెట్టి, చేత్తో నొక్కి తీయండి. మెలిపెట్టి పిండకండి, కాళ్ల కుట్లు సాగుతాయి. తువ్వాలులో చుట్టి ఒత్తాక నీడన ఆరేయండి. ఇస్త్రీపెట్టె దగ్గరికి రానివ్వద్దు, అక్రిలిక్ వేడికి కరిగి అట్టకడుతుంది.